డికాక్షన్ రంగు మంచు: ధ్రువ సముద్రాల తిండిలోకి పాదరసం వెళ్ళే దారి

ఏప్రిల్ నెలాఖరులో కెనడా ఉత్తరపు కొసన, గడ్డకట్టిన సముద్రం మీద నిలబడి, గొట్టం లాంటి బర్మాతో మంచును అడుగుదాకా తొలిచి కడ్డీలా బయటికి తీస్తే అది మనిషి ఎత్తు ఉంటుంది. పైభాగమంతా తెలుపు, అక్కడక్కడా గాలిబుడగలు. చివర మాత్రం, కింద నీళ్ళను ఆనుకుని ఉన్న రెండంగుళాల ముక్క పలుచటి డికాక్షన్‌లో ముంచి తీసినట్టు ఉంటుంది. చేత్తో నొక్కితే ఐస్‌గోలాలా పొడిపొడిగా రాలిపోతుంది. ఆ రంగు బురదది కాదు. సముద్రపు మంచులో సన్నటి ఉప్పునీటి సందులు ఉంటాయి. వాటిలో కిక్కిరిసి పెరిగిన నాచుది ఆ రంగు.

ధ్రువాల దగ్గర పాదరసం అనగానే పత్రికలు తెల్ల ఎలుగుబంటి ఫోటో వేస్తాయి. ఆకట్టుకునే ఫోటోనే, కాదనలేం. కానీ ఎలుగుబంటి దాకా వచ్చేసరికి అసలు పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆర్కిటిక్ సముద్రంలో లీటరు నీటికి ఉండే పాదరసం గ్రాములో వందకోట్లో వంతు కూడా ఉండదు. ఆ నీటి నుంచి ఒంటికణపు నాచులోకి వెళ్ళేటప్పుడు దాని గాఢత పదివేల రెట్లు, లక్ష రెట్లు, ఒక్కోసారి అంతకు మించి కూడా పెరుగుతుంది. ఆ తర్వాత నాచు నుంచి చీమంత రొయ్యజాతి పురుగుకి, దాన్నుంచి చేపకి, చేప నుంచి సీల్‌కి, సీల్ నుంచి ఎలుగుబంటికి వెళ్ళే ఒక్కో మెట్టులో పెరిగేది కొన్ని రెట్లే. అతిపెద్ద గెంతు కింది మెట్టులో, ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది. మంచు కింద వసంతకాలంలో ఆ కింది మెట్టు అంటే ఈ గోధుమరంగు ముక్కే.

అసలు అంత దూరానికి పాదరసం ఎలా చేరింది? థర్మామీటర్ పగిలితే గచ్చు మీద పూసల్లా దొర్లే పాదరసం అందరూ చూసిందే. లోహమే అయినా మామూలు వేడికే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి వాననీటిలో సరిగా కరగదు, తొందరగా నేలకు దిగదు. నెలల తరబడి, కొంత ఏడాది దాకా గాలిలోనే తిరుగుతుంది. అంత వ్యవధి ఉంటే ఏ ఊళ్ళో వదిలినా ఉత్తరధ్రువం దాకా వెళ్ళిరావచ్చు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాలిలోకి వెళ్ళిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో 38 శాతం దాకా చిన్నస్థాయి బంగారు తవ్వకాల వల్లనే. ఇసుకలోని బంగారు రేణువులను పాదరసంతో ముద్దగా పట్టి, ఆ ముద్దను మంట మీద పెడితే పాదరసం ఎగిరిపోయి బంగారం మిగులుతుంది. పెరూ, ఘనా, ఇండోనేషియా లాంటి దేశాల్లో లక్షలాది మందికి అదే కూడు. బొగ్గు మండించడం వల్ల వచ్చింది మరో 21 శాతం.

మొత్తంలో సగానికి దగ్గరగా ఆసియా నుంచే వెళ్తోంది. బొగ్గులో పాదరసం ఉండేది చిటికెడు కూడా కాదు, కానీ కాల్చే బొగ్గు కోట్ల టన్నులు. రామగుండంలో, సింహాద్రిలో, చైనాలోనో పోలాండ్‌లోనో ఉన్న బొగ్గు కేంద్రాల్లో బూడిదను పట్టే పరికరాలు ఉన్నా, ఆవిరి రూపంలో ఉన్న పాదరసం వాటికి పూర్తిగా చిక్కదు. పైకి పోయాక ఏ అణువు ఏ చిమ్నీదో విడదీసి చెప్పడం కుదరదు. ఆర్కిటిక్‌లో మనుషుల వల్ల చేరిన పాదరసంలో దాదాపు అంతా బయటి నుంచి వచ్చిందేనని మాత్రం ఆర్కిటిక్ దేశాల ఉమ్మడి పర్యవేక్షణ కార్యక్రమం ఎప్పటినుంచో చెబుతోంది. ఎలుగుబంట్ల వెంట్రుకలు, తిమింగలాల పళ్ళు, పక్షుల ఈకలు మ్యూజియంలలో పాతవి దాచి ఉంటాయి కదా, వాటిని ఇప్పటి వాటితో పోల్చిచూస్తే గత 150 ఏళ్ళలో ఆర్కిటిక్ జంతువుల్లో పాదరసం పదింతల దాకా పెరిగిందని తేలింది.

గాలిలో ఉన్నది మంచు మీదికి దిగడంలో ఒక విచిత్రం ఉంది. 1995లో కెనడా ఉత్తరపు కొసన, ఎలెస్‌మియర్ దీవిలో ఉన్న అలర్ట్ కేంద్రంలో గాలిలోని పాదరసాన్ని ఆగకుండా కొలవడం మొదలుపెట్టారు. నెలల పాటు చీకట్లో ఉన్న చోట వసంతంలో సూర్యుడు తిరిగి కనిపించగానే, గాలిలో పాదరసం ఒక్కసారిగా దాదాపు సున్నాకు పడిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. అదే రోజుల్లో నేలకు దగ్గరగా ఉన్న ఓజోన్ కూడా అలాగే పడిపోతోంది. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెడితే జంటగా నడుస్తున్నాయి. ఈ ఫలితాలు 1998లో అచ్చయ్యాయి.

కారణం సముద్రపు ఉప్పులో ఉంది. మంచు మీద పడిన ఆ ఉప్పులో బ్రోమిన్ ఉంటుంది. ఎండ తగలగానే అది గాలిలోకి లేచి ఓజోన్‌ను తినేస్తుంది, పాదరసపు ఆవిరిని కూడా పట్టి ఆక్సీకరిస్తుంది. ఆ రూపంలోకి మారిన పాదరసం ఇక గాలిలో నిలవదు, దొరికిన మంచురేణువుకల్లా అంటుకుంటుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఆలెసుండ్‌లో కూడా ఇలాంటి పతనాలు నమోదయ్యాయి. మన దేశపు ఆర్కిటిక్ కేంద్రం హిమాద్రి 2008 నుంచి ఉన్నది ఆ ఊళ్ళోనే.

ఇక్కడే చాలా వ్యాసాలు తొందరపడతాయి. మంచు మీద పాదరసం పడింది, మంచు కింద నాచు ఉంది, కాబట్టి పడింది నాచులోకి దిగింది అని ఒక బాణం గుర్తు గీసేస్తారు. ఆ బాణానికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, వసంతంలో పడిన దానిలో పెద్ద భాగం అదే ఎండకు మళ్ళీ ఆవిరై కొన్ని రోజుల్లోనే గాలిలోకి వెళ్ళిపోతుంది. మంచు పలకల మధ్య పగుళ్ళు విచ్చుకుని నీళ్ళు బయటపడినచోట వెచ్చటి గాలి పైకి లేచి, పై పొరల్లోని పాదరసాన్ని కిందికి లాగి, తగ్గిపోయిన లెక్కను మళ్ళీ నింపుతుందని 2014లో తేలింది. అంటే ఇది వానలా పడి ఊరుకునే వ్యవహారం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. మంచు మీద పడేది అకర్బన పాదరసం. ఎలుగుబంటి కండలో, మనిషి మెదడులో చేరేది అది కాదు, మిథైల్ పాదరసం.

పాదరసానికి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న తోక తగిలిస్తే మిథైల్ పాదరసం అవుతుంది. తగిలించేది ముఖ్యంగా కొన్ని బ్యాక్టీరియాలు, వాటి తోటి సూక్ష్మజీవులు. అందుకు కావలసిన జంట జన్యువులేవో 2013లో కనిపెట్టాక, ఎక్కడెక్కడ ఈ పని జరిగే వీలుందో వెతకడం తేలికైంది. 2016లో అంటార్కిటికా సముద్రపు మంచులో నైట్రోస్పైనా జాతికి దగ్గరి బ్యాక్టీరియాలో అలాంటి జన్యువులు కనిపించాయి. మంచులోనే మిథైల్ రూపం తయారయ్యే వీలుందని అప్పుడు గట్టిగా అనిపించింది. అయితే జన్యువు ఉండటం వేరు, అది పనిలో ఉండటం వేరు.

మంచు కింది నీళ్ళ సంగతి మరింత స్పష్టంగా ఉంది. మిగతా మహాసముద్రాల్లో మిథైల్ పాదరసం ఎక్కువగా ఉండేది వెయ్యి మీటర్ల లోతు ప్రాంతంలో. ఆర్కిటిక్‌లో మంచు అంచుల దగ్గర మాత్రం 150 నుంచి 200 మీటర్లలోనే దాని గాఢత శిఖరానికి చేరుతుందని 2015లో వచ్చిన కొలతలు చూపించాయి. తిండి వెతుక్కునే జీవులు తిరిగే లోతుకు అది బాగా దగ్గర. అంత పైన ఎందుకు తయారవుతోంది? పైనుంచి రాలిపడే చచ్చిన నాచును సూక్ష్మజీవులు తిని కుళ్ళబెట్టేచోట ఈ మిథైల్ తయారీ ఊపందుకుంటుంది. ఆర్కిటిక్‌లో రాలిన ఆ తిండి ఎక్కువ లోతుకు పోకుండా, ఉప్పు తేడాతో ఏర్పడిన పొరల దగ్గరే ఆగి కుళ్ళుతుంది.

కాబట్టి నాచు పాత్ర ఒకటి కాదు. అది పాదరసం లోపలికి వచ్చే తలుపు, విషాన్ని తయారుచేసే పొయ్యిలో కట్టె కూడా అదే. ఈ రెండో పాత్రను చాలామంది పట్టించుకోరు గానీ, మంచు కరిగితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఇంత చిక్కుముడి కావడానికి సగం కారణం ఇదే.

ముందు తలుపు సంగతి చూద్దాం. మంచు నాచులో ఎక్కువ భాగం డయాటమ్‌లు, అంటే ఇసుకలో ఉండే సిలికాతోనే పెట్టెలాంటి గూడు కట్టుకునే ఒంటికణ జీవులు. ఆర్కిటిక్ మంచులో ఎక్కువగా కనిపించేది నిట్జ్‌షియా ఫ్రిజిడా. కణాలు ఒకదానికొకటి అతుక్కుని చిన్న కొమ్మల్లా ఉంటాయి. పైన మీటరున్నర మంచు, దాని మీద హిమం. ఆ అడుగుకి చేరే వెలుతురు పైనున్న దానిలో నూరో వంతు కూడా ఉండదు. దానితోనే బతికేస్తుంది. ఈ కణానికి పాదరసం రెండు రూపాల్లోనూ అంటుకుంటుంది. అంటుకునే చోటు మాత్రం వేరు. అకర్బన పాదరసం ఎక్కువగా కణపు పై పొరలకే పట్టుకుంటుంది. మిథైల్ పాదరసం లోపలి ద్రవంలోకి జొరబడుతుంది.

ఈ తేడా ఎంత పని చేస్తుందో 1996లో ఒక డయాటమ్, దాన్ని తినే కోపెపాడ్ మీద చేసిన ప్రయోగంలో కనిపించింది. కోపెపాడ్‌లు బియ్యపు గింజ కన్నా చిన్న రొయ్యజాతి జీవులు. అవి డయాటమ్‌ను తిన్నప్పుడు లోపలి ద్రవం ఒంటికి పడుతుంది, పై పొర, గూడు మలంలో పోతాయి. ధాన్యం దంపితే ఊక అవతల పడి గింజ మిగలడం లాంటిదే. ఊకకు పట్టిన అకర్బన పాదరసం బయటికి పోయింది. గింజలోకి దూరిన మిథైల్ పాదరసం కోపెపాడ్ ఒంట్లో ఉండిపోయింది. ఒంటికి పట్టిన వాటా మిథైల్‌ది నాలుగు రెట్లు ఎక్కువ. నాచులో మొత్తం పాదరసంలో మిథైల్ వాటా కొద్దిదే అయినా, పైకి వెళ్ళేకొద్దీ ఆ వాటా పెరిగిపెరిగి, పెద్ద చేపల కండలో ఉన్నది దాదాపు అంతా మిథైలే కావడానికి మూలం ఇక్కడుంది. వడపోత మొదటి ముద్దలోనే మొదలైపోయింది.

ఇక సమయం. నీళ్ళలో తేలే నాచు విరగపెరగాలంటే మంచు పలచబడాలి, అది జూన్, జూలై మాట. మంచు నాచు అంతకు రెండు నెలల ముందే సిద్ధం. చలికాలమంతా ఆకలితో ఉన్న జీవులకు ఏడాదిలో మొదటి భోజనం అదే. కలానస్ గ్లేసియాలిస్ అనే కోపెపాడ్ ఆడజీవులు ఆ నాచు తిని, ఆ బలంతో గుడ్లు పెడతాయి. మంచు అడుగున తలకిందులుగా పాకే యాంఫిపాడ్‌లు, అవీ రొయ్యజాతివే, గీక్కు తింటాయి. వాటిని పోలార్ కాడ్ చేపలు, ఆ చేపలను రింగ్డ్ సీల్, సీల్‌ను తెల్ల ఎలుగు. గొలుసు పొట్టిదే, కానీ ప్రతి కొక్కెం కొవ్వు పట్టిన జీవే.

ఎలుగుబంటి తిన్నదాని మూలం మంచు నాచేనని చెప్పడానికి ఆధారం ఏమిటని అడగొచ్చు. కొన్ని మంచు డయాటమ్‌లు మాత్రమే తయారుచేసే ఒక రకం నూనె అణువు ఉంది. 25 కార్బన్లున్న ఆ అణువుకు ఐపీ25 అని పేరు. 2007లో దాన్ని మంచుకు గుర్తుగా వాడొచ్చని తేల్చారు. మొదట సముద్రం అడుగు బురదలో పాతకాలపు మంచు జాడలు వెతకడానికి వాడారు. తర్వాత దాన్నీ, దాని కుటుంబంలోని తోటి అణువులనూ సీళ్ళ కాలేయంలో, ఎలుగుబంట్ల ఒంట్లో కూడా కొలిచారు. కూరలో వేసిన ఇంగువలా, ఎన్ని చేతులు మారినా వాసన పోదు.

ఇక్కడ జనం తరచూ పొరబడే మాట ఒకటి. డీడీటీ లాంటి మందులకు అలవాటుపడి, పాదరసం కూడా కొవ్వులోనే పేరుకుంటుందని రాసేస్తుంటారు. మిథైల్ పాదరసం పోయి పట్టుకునేది ప్రొటీన్లలోని గంధకాన్ని, అంటే చేరేది కొవ్వులో కాదు, కండలో, కాలేయం లాంటి అవయవాల్లో. శరీరంలో అది ఒక మామూలు అమైనో ఆమ్లంలా వేషం వేసుకుని తిరుగుతుంది. అందుకే మెదడు గడప దాటుతుంది, మాయ దాటి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు.

నాచు పెరిగేకొద్దీ విషం పెరుగుతుందని కూడా అనుకోకూడదు. మంచులో ఉన్న పాదరసం ఇంత అని ఉంటుంది. కణాలు వారంలో రెట్టింపై మళ్ళీ రెట్టింపైతే, ఉన్నదే అన్ని కణాలకూ పంచాలి. పలుచబడుతుంది. నాచు తక్కువున్న తొలి రోజుల్లో కణానికి దక్కే పాలు ఎక్కువ, విరగకాసిన రోజుల్లో తక్కువ. ఎప్పుడు తిన్నారన్నది ఎంత తిన్నారన్నంత ముఖ్యమైపోతుంది.

మంచు కరగడం మొదలయ్యాక ఈ నాచంతా ఒక్కసారిగా విడిపోయి మునుగుతుంది. 2012లో, ఆర్కిటిక్ మంచు అప్పటిదాకా ఎన్నడూ లేనంత తగ్గిపోయిన వేసవిలో, జర్మనీ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ మధ్య ఆర్కిటిక్‌లో కెమెరాలు దించింది. మెలొసిరా ఆర్కిటికా అనే నాచు మంచు కింద జడల్లా వేలాడుతుంది. ఆ జడలు తెగి, దాదాపు 4,000 మీటర్ల లోతున సముద్రపు నేల మీద ముద్దలు ముద్దలుగా పడి ఉన్నాయి. సముద్రదోసకాయలు వాటి చుట్టూ చేరి తింటున్నాయి. నాచు వెంట ఉన్నది కూడా అంత లోతుకూ వెళ్తుంది.

మరి మంచు తగ్గిపోతే? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకపోవడం మంచిది. ఒక వైపు, ఎండ మిథైల్ పాదరసాన్ని విరగ్గొడుతుంది. మంచు, హిమం కప్పి ఉంటే ఆ ఎండ నీళ్ళకు అందదు. పాదరసానికి ఏడు స్థిర ఐసోటోపులు, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న రూపాలు, ఉన్నాయి. ఎండకు విరిగినప్పుడు వాటి నిష్పత్తిలో ఒక గుర్తు మిగులుతుంది. అలాస్కా తీరంలో మర్ర్ అనే సముద్రపక్షుల గుడ్లను దక్షిణం నుంచి ఉత్తరం దాకా సేకరించి చూస్తే, మంచు ఎక్కువ ఉన్న ఉత్తరానికి పోయేకొద్దీ ఎండ గుర్తు తగ్గుతూ వచ్చింది. 2011లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం మంచు మూత తీస్తే ఎండ కొంత విషాన్ని తగ్గించాలి. ఇంకో వైపు, మంచు పోయినచోట నీళ్ళలో తేలే నాచు ఎక్కువ పెరుగుతుంది. అది రాలి కుళ్ళితే పొయ్యికి కొత్త కట్టె. కరుగుతున్న శాశ్వత మంచునేలల నుంచి లీనా, యెనిసే, మెకెంజీ లాంటి నదులు పాత పాదరసాన్ని తెచ్చి పోస్తాయి. తిండి గొలుసే మారిపోవచ్చు కూడా.

ఆ మారిపోవడం ఎలా ఉంటుందో గ్రీన్‌లాండ్ వాయవ్యంలో వేటాడిన పది నార్వాల్ తిమింగలాల కొమ్ములు చూపించాయి. నార్వాల్ కొమ్ము నిజానికి పన్ను. రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, చెట్టు మొదట్లో వలయాల్లా ఏటా ఒక పొర వేసుకుంటుంది. 2021లో అచ్చయిన ఆ లెక్కలో, 1990 దాకా వాటి తిండి మంచుతో ముడిపడిన చేపలు. ఆ తర్వాత పదేళ్ళలో కాపెలిన్ లాంటి విశాల సముద్రపు చేపల వైపు మళ్ళాయి. అవి గొలుసులో కింది మెట్టువి, కాబట్టి పాదరసం పెద్దగా పెరగలేదు. 2000 తర్వాత తిండి మారకుండానే పాదరసం బాగా పెరిగింది. ఆసియాలో పెరిగిన బొగ్గు వాడకం వల్లనా, మారిన మంచు వల్లనా అన్నది పరిశోధకులు రెండు అవకాశాలుగానే ఉంచారు. వార్తల్లో మాత్రం ఒకటే మిగిలింది.

దక్షిణ ధ్రువం వైపు ఈ కథలో మధ్యవర్తి క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవి. దాని పిల్లలు చలికాలంలో మంచు అడుగున నాచును గీక్కు తిని బతుకుతాయి. క్రిల్ గొలుసులో బాగా కింద ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా తినే పెంగ్విన్లలో పాదరసం తక్కువ. చేపలను, ఇతర పక్షులను తినే స్కువాలలో, ఆల్బట్రాస్‌లలో ఎక్కువ. అక్కడ ఆ మాంసం మీద బతికే మనుషులు లేరు. ఆర్కిటిక్‌లో ఉన్నారు.

1956లో జపాన్‌లో బయటపడిన, పాదరసపు విషం వల్ల వచ్చే మినమాటా జబ్బు పేరుతోనే 2013లో పాదరసం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. భారత్ 2018లో ఆమోదించింది. ఆ ఒప్పందం పీఠికలో ఆర్కిటిక్ జీవవ్యవస్థలు, అక్కడి ఆదివాసుల సంప్రదాయ ఆహారం ప్రత్యేకంగా ప్రస్తావించి ఉన్నాయి. కానీ ఈ రోజు చిమ్నీలన్నీ ఆపినా, సముద్రంలో ఇప్పటికే ఉన్నది దశాబ్దాల పాటు తిరుగుతూనే ఉంటుంది. అందాకా మిగిలింది ఏ ముక్క తినాలి, ఏది వద్దన్న సలహాలే. క్యుబెక్ ఉత్తరాన నునావిక్‌లో బెలూగా తిమింగలం కండ మాంసాన్ని, ముఖ్యంగా ఎండబెట్టిన దాన్ని గర్భిణులు తగ్గించమంటారు. చర్మం, కొవ్వు కలిసిన మత్తాక్‌తో ఆ ఇబ్బంది లేదు, విషం చేరేది కొవ్వులో కాదు కదా. దుకాణంలో దొరికే దిగుమతి తిండి ఖరీదెక్కువ, పోషకాలు తక్కువ కాబట్టి వేట మానేయమని ఏ వైద్యుడూ అనలేడు.

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంత ప్రభుత్వం 2012లో ఇచ్చిన సలహా కూడా అలాంటిదే. బిడ్డను కనే వయసు ఆడవాళ్ళు, గర్భిణులు రింగ్డ్ సీల్ కాలేయం తినొద్దు, దాని మాంసం మాత్రం నిశ్చింతగా తినొచ్చు అని. వినడానికి చిన్న మాటే. సీల్ పడిన చోటే, మంచు మీద, ఇంకా వేడి ఆరకముందే కోసి అక్కడున్నవాళ్ళకు పంచే మొదటి ముక్కల్లో కాలేయం ఒకటి.